అశరీరవాణి నుంచి రక్తపరీక్ష దాకా: ఆమె మాట ఎందుకు చాలదు?

తెలుగు సాహిత్యం చదువుకున్న వాళ్లందరికీ నన్నయ శకుంతలోపాఖ్యానం పరిచయమే. నూతులూ బావులూ యజ్ఞాలూ కొడుకులూ అన్నిటికంటే సత్యవాక్యం గొప్పదని శకుంతల చెప్పే పద్యాన్ని కంఠస్థం చేయించని తెలుగు మాస్టారు అరుదు. సత్యమహిమకి ఉదాహరణగా ఆ పద్యం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. అయితే ఆ మాట ఎవరు, ఎక్కడ నిలబడి, ఎందుకు చెప్పాల్సి వచ్చిందన్న సంగతి మాత్రం ప్రతిపదార్థం దగ్గరే ఆగిపోతుంది. కొడుకు చెయ్యి పట్టుకుని నిండుసభలో నిలబడి 'వీడు నీ కొడుకు' అన్న స్త్రీని, 'నువ్వెవరో నాకు తెలీదు' అని రాజు అంటున్న ఘట్టం అది. సత్యం గురించి అంత గొప్ప మాట చెప్పిన మనిషి సత్యాన్నే ఆ సభ నమ్మలేదు. ఆకాశం నుంచి ఒక శరీరం లేని గొంతు పలికితే తప్ప శరీరమున్న స్త్రీ మాట సాక్ష్యం కాలేకపోయింది.

ఇంకా గమనించాల్సింది ఆ తర్వాత దుష్యంతుడు ఇచ్చుకునే సంజాయిషీ. మా పెళ్లి సంగతి మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలీదు, లోకం ఏమంటుందోనని తెలిసి తెలిసీ కాదన్నాను అంటాడు. అంటే రాజుకి సందేహం లేదు. ఆయనకి కావలసింది నిజం కాదు, ఆ నిజానికి బయటినుంచి ఒక సర్టిఫికెట్. తండ్రి ఎవరన్న ప్రశ్నని సాహిత్యంలో చదివేటప్పుడు ఈ తేడాని గుర్తుపెట్టుకోవాలని నా అభిప్రాయం. తెలియకపోవడం వేరు, తెలిసినా ఆమె నోటితో చెప్పింది చెల్లకపోవడం వేరు.

ఇప్పుడు ఆ అశరీరవాణి ప్రయోగశాలలో దొరుకుతోంది. బిడ్డ పుట్టేదాకా ఆగక్కర్లేదు. గర్భవతి చేతినుంచి కొద్దిగా రక్తం తీసి, ఫలానా మగవాడు కడుపులోని బిడ్డకి తండ్రా కాదా అన్నది ఎనిమిది, పది వారాల గర్భం నాటికే చెప్పే పరీక్ష వచ్చింది. ఈ పరీక్షని ఒక వైద్య విషయంగా కాకుండా, మన సాహిత్యంలో ఎప్పటినుంచో నడుస్తున్న ఒక కథకి కొత్త అధ్యాయంగా చదవాలన్నది ఈ వ్యాసం ప్రయత్నం.

ముందు పరీక్ష ఎలా పనిచేస్తుందో కొంచెం చూద్దాం. అందులోనే చాలా రాజకీయం ఉంది. మనందరి రక్తంలోనూ చచ్చిపోయిన కణాల నుంచి రాలిన డీఎన్ఏ తునకలు తేలుతూ ఉంటాయి. గర్భవతి రక్తంలో ఆమెవి కాని తునకలు కూడా కొన్ని ఉంటాయని 1997లో డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కనిపెట్టారు. దీన్ని పిండం డీఎన్ఏ అంటున్నాం గాని, నిజానికి అది ఎక్కువగా వచ్చేది మాయ నుంచి, అంటే పురిటి తర్వాత మనం పాతిపెట్టే మావి నుంచి. పది వారాలు దాటాక తల్లి రక్తంలో తేలే తునకల్లో అది సుమారు పదోవంతు ఉంటుంది. ప్రసవమైన కొద్ది గంటల్లోనే మాయమవుతుంది. తల్లి జన్యుపటంలో లేని అక్షరాలు ఆ తునకల్లో ఎక్కడెక్కడ కనిపిస్తున్నాయో వేల చోట్ల వెతికి, వాటిని తండ్రి అనుకుంటున్న మనిషి డీఎన్ఏతో పోల్చి చూస్తారు. ఈ పద్ధతితో గర్భంలోనే పితృత్వం తేల్చవచ్చని 2012 నాటికి వైద్య పత్రికల్లో ప్రచురించారు. అంతకు ముందైతే కడుపులోకి సూది పంపి ఉమ్మనీరో, మాయ ముక్కో తీయాల్సి వచ్చేది. దానివల్ల కొద్దిశాతమైనా గర్భస్రావం ప్రమాదం ఉండేది. ఆ ప్రమాదం ఇప్పుడు లేదు. ఈ మేరకు ఇది మేలే.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఈ పరీక్ష 'తండ్రి ఎవరు?' అనే ప్రశ్నకి జవాబు చెప్పదు. 'ఈ మగవాడేనా?' అన్నదానికే చెబుతుంది. ఆ మగవాడి రక్తమో, బుగ్గలోంచి తీసిన తడో లేకపోతే అది మూగదే. అంటే ఎవరో ఒకరు ఎవరో ఒకరిమీద అనుమానమో నమ్మకమో పెట్టుకుంటే తప్ప పరీక్ష మొదలే కాదు. రెండోది, 1997లో ఆ శాస్త్రవేత్తలు తల్లి రక్తంలో మొట్టమొదట వెతికి పట్టుకున్నది వై క్రోమోజోమ్ జాడని. ఆడవాళ్లలో వై ఉండదు కనక, అది కనిపిస్తే కడుపులోని మగపిల్లవాడిదే అని తేలిక. అంటే పరీక్ష పుట్టుకలోనే ఆడా మగా అన్న ప్రశ్న ఉంది. తండ్రి ఎవరో చెప్పగల రక్తం, ఆడో మగో కూడా చెప్పగలదు. మన దేశంలో ఈ రెండు ప్రశ్నలూ అడిగే గొంతులు చాలాసార్లు ఒకటే.

బిడ్డ పుట్టాక పితృత్వం తేల్చడం ఇంతకన్నా సులువు. బుగ్గలోపల దూదితో తుడిస్తే చాలు. ఖర్చు కూడా తక్కువ. మరి పుట్టకముందే తెలుసుకోవాలన్న తొందర ఎవరిది? ఆ ఆరేడు నెలలు ఆగితే ఎవరికి నష్టం? ఈ ప్రశ్నకి కాళిదాసు దగ్గర ఒక ఆశ్చర్యకరమైన జవాబు దొరుకుతుంది.

భారతంలో శకుంతల కొడుకుతో వస్తే, అభిజ్ఞాన శాకుంతలంలో ఆమె గర్భవతిగా వస్తుంది. ఈ మార్పు మీద మన విమర్శకులు పెట్టవలసినంత దృష్టి పెట్టలేదనిపిస్తుంది. రొమిలా థాపర్ 1999లో వచ్చిన తన శకుంతల పుస్తకంలో ఇతిహాసపు శకుంతలకీ నాటకపు శకుంతలకీ మధ్య ఉన్న దూరాన్ని వివరంగా చూపించారు. భారతంలో సభలో నిలబడి వాదించిన స్త్రీ, నాటకానికి వచ్చేసరికి సిగ్గుపడే సుకుమారి అయింది. కొడుకు స్థానంలో గర్భం రావడం కూడా ఆ మార్పులో భాగమే. కొడుకైతే ఎదురుగా నిలబడతాడు, మాట్లాడతాడు, పోలికలు కనిపిస్తాయి. గర్భం మాత్రం ప్రశ్నగానే ఉంటుంది. దాన్ని మోస్తున్నామె కూడా ప్రశ్నగానే మిగులుతుంది.

ఐదో అంకంలో రాజు అనే మాట ఒకటుంది. ఆడవాళ్లకి నేర్పకుండానే వచ్చే గడుసుతనం గురించి చెబుతూ ఆడకోయిలని ఉదాహరణగా తెస్తాడు. తన పిల్లల్ని వేరే పక్షుల చేత పెంచించుకుంటుందట. వేరొకరి బిడ్డని నాకు అంటగడుతున్నావన్న నింద అది, ఉపమాలంకారంలో. అప్పుడు పురోహితుడు మధ్యే మార్గం చెబుతాడు. ప్రసవం దాకా ఈమె మా ఇంట్లో ఉండనివ్వండి, మీ మొదటి కొడుకు చక్రవర్తి లక్షణాలతో పుడతాడని సాధువులు చెప్పి ఉన్నారు, ఆ గుర్తులుంటే ఈమెని అంతఃపురానికి పిలుచుకోండి, లేకపోతే తండ్రి దగ్గరికి పంపేయండి. ఎంత చల్లగా చెప్పాడో చూడండి! పితృత్వం తేలేదాకా ఆమె రాణీ కాదు, కూతురూ కాదు. పెండింగ్‌లో ఉన్న ఒక ఫైలు.

నాటకం మొత్తం ఇలాంటి రుజువులతోనే నడుస్తుంది. ఉంగరం ఒక రుజువు, అది చేప కడుపులోకి పోయింది. అరచేతి గుర్తు ఒక రుజువు, అది ఏడో అంకంలో బొమ్మ కోసం పిల్లాడు చెయ్యి చాపినప్పుడు కనిపిస్తుంది. అదీ చాలదన్నట్టు పిల్లాడి రక్షరేకు ఉంది. కింద పడితే తల్లీ, తండ్రీ, ఆ పిల్లాడూ తప్ప ఇంకెవరు తీసినా అది పామై కాటేస్తుంది. దుష్యంతుడు తీస్తాడు, ఏమీ కాదు. మునికాంతలు ఆశ్చర్యంతో ఒకరినొకరు చూసుకుంటారు. సంస్కృత నాటకంలో ఇంత కచ్చితమైన పితృత్వ పరీక్ష ఇంకొకటి నాకు తెలీదు. అయితే ఇన్ని రుజువుల్లోనూ శకుంతల మాట మాత్రం ఒక్క రుజువు కాలేదు. శాపం వల్ల రాజు మరిచిపోయాడు కాబట్టి ఆయన నిర్దోషి అని కాళిదాసు నాయకుణ్ణి కాపాడుకున్నాడు. లోకానికి వెరచి కాదన్నానని ఒప్పుకున్న నన్నయ దుష్యంతుడే ఇంతకన్నా నయమనిపిస్తాడు నాకు. కనీసం అబద్ధం ఆడానని చెప్పుకున్నాడు.

ప్రసవం దాకా ఆగమన్న పురోహితుడి ప్రతిపాదనలో ఒక మంచి ఉంది. ఆగే ఆ నెలల్లో ఆమెకి నీడ ఉంటుంది. ఆ ఆగడాన్ని కొత్త పరీక్ష తీసేస్తుంది. పదో వారానికే తేలిపోతే, ఇంట్లో ఉంచాలా పంపేయాలా, పెళ్లి జరగాలా ఆగాలా, గర్భం ఉంచాలా తీయించాలా అన్నవన్నీ పదో వారానికే తేల్చేయవచ్చు. మన గర్భస్రావ చట్టం ప్రకారం ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతోనూ, 2021 సవరణ తర్వాత కొన్ని వర్గాల స్త్రీలకి ఇరవై నాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతోనూ గర్భం తీయించుకోవచ్చు. ఈ పరీక్ష ఫలితం సరిగ్గా ఆ గడువులోపలే వస్తుంది. అందుకని దీన్ని ఉత్త సమాచారం అనుకోవడానికి వీల్లేదు. నిర్ణయాలు జరిగే సమయంలో ఆమె చుట్టూ ఉన్నవాళ్ల చేతికి అందే ఆయుధం కూడా కాగలదు.

పితృత్వ సందేహం మీద పాశ్చాత్య సాహిత్యంలో అందరూ చెప్పుకునే నాటకం స్ట్రిండ్‌బర్గ్ రాసిన 'తండ్రి' (1887). కూతురు తన బిడ్డేనా అన్న అనుమానాన్ని భార్య మనసులో నాటితే, కెప్టెన్ పిచ్చివాడైపోతాడు. స్త్రీద్వేషానికి ఉదాహరణగా ఈ నాటకాన్ని మనం చదువుతాం, తప్పు లేదు. నేను చూపాలనుకున్నది దాని మొదటి దృశ్యాన్ని. అక్కడ కెప్టెన్ ముందు ఒక సైనికుణ్ణి నిలబెడతారు. వంటింటి పనిపిల్ల కడుపుకి కారణం వాడేనని ఆరోపణ. నేనేనని ఎలా చెప్పగలం, ఇంకొకడు కావచ్చు కదా అంటాడు వాడు. దాన్ని కెప్టెన్, ఆయన బావమరిది పాస్టరు కొంత చిరాగ్గా, కొంత తేలిగ్గా మాట్లాడుకుంటారు. తర్వాత అదే అనుమానం కెప్టెన్ ఇంట్లోకి వచ్చేసరికి మహావిషాదం అయిపోతుంది. పనిపిల్ల మాత్రం రంగస్థలం మీదికే రాదు. మగవాడి సందేహానికి మూడంకాల నాటకం దొరికింది, ఆమె బిడ్డ తిండి సంగతి మొదటి పది నిమిషాల్లోనే ముగిసింది. తండ్రి ఎవరన్న ప్రశ్న ఆస్తి ఉన్నవాడికి గౌరవ సమస్య, లేనిదానికి భరణం సమస్య. ఈ తేడాని వదిలేసి పరీక్ష మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం వ్యర్థం.

మన ఇళ్లలో కూడా ఒక పితృత్వ పరీక్ష ఉంది, ప్రయోగశాల లేకుండా జరిగేది. పురిటి మంచం చుట్టూ చేరి 'ఎవరి పోలిక?' అని చూడటం. ముక్కు తాతది, నుదురు మేనత్తది అని పంచుకుంటారు. ఇందులో ప్రేమా మురిపెమూ లేవనను. కాని 'అచ్చం తండ్రి పోలికే' అని ముందుగా, గట్టిగా అనేది ఎవరో ఈసారి గమనించండి. సాధారణంగా బాలింత తల్లో, పిన్నో. 1982లో మార్గో విల్సన్, మార్టిన్ డేలీ అనే కెనడా పరిశోధకులు ప్రసవాల దగ్గర జరిగే మాటల్ని పరిశీలించి ఇదే చెప్పారు. బిడ్డకి తండ్రి పోలిక ఉందని ఎక్కువగా అనేది తల్లీ, తల్లి తరఫువాళ్లూనట. పసిగుడ్డు ముఖంలో నిజంగా ఏముందన్నది పక్కన పెడదాం. ఎవరూ పైకి అడగని అనుమానానికి ముందుగానే చెప్పే జవాబు అది. అమ్మమ్మ నోటితో పలికే అశరీరవాణి.

న్యాయస్థానాలు ఈ ప్రశ్నని ఎలా చూశాయన్నది కూడా ఒక కథలాగే చదవవచ్చు. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ ప్రకారం, పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ, లేదా విడాకులైన 280 రోజులలోపల తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్నప్పుడు పుట్టిన బిడ్డ, ఆ భర్త బిడ్డే. ఆ కాలంలో దంపతులు కలుసుకునే వీలే లేదని రుజువైతే తప్ప ఇందులో మార్పు లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇది 116వ సెక్షన్‌గా అలాగే ఉంది. పితృస్వామ్యం తన వారసత్వ అవసరాల కోసం కట్టుకున్న కల్పన ఇది. విచిత్రమేమిటంటే స్త్రీకీ బిడ్డకీ వానా ఎండా తగలకుండా కాపాడింది కూడా చాలాకాలం ఈ కల్పనే. భర్త అనుమానపడగానే రక్తపరీక్షకి ఆదేశించడం కుదరదని 1993లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పగలిగింది దీని ఆధారంతోనే.

ఆ గొడుగుకి చిల్లులు పడుతూ వచ్చాయి. 2014 జనవరిలో అప్పటికే చేసిన డీఎన్ఏ పరీక్ష భర్త తండ్రి కాదని తేల్చిన కేసులో, శాస్త్రం చెప్పిన నిజం ముందు చట్టం చేసిన ఊహ నిలవదన్నారు. బిడ్డ భరణం పోయింది. అదే ఏడాది అక్టోబరులో ఇంకో కేసులో, భార్య పరీక్షకి ఒప్పుకోకపోతే బలవంతం చేయరు గాని, ఒప్పుకోకపోవడాన్ని ఆమెకి వ్యతిరేకంగా తీసుకోవచ్చన్నారు. అగ్నిలో దూకడం ఐచ్ఛికం, దూకకపోతే మాత్రం సంగతి తెలిసినట్టే! 2023లో ఈ ధోరణికి కొంత అడ్డుకట్ట పడింది. భార్య మీద వ్యభిచారం నిరూపించడానికి పిల్లల డీఎన్ఏ దగ్గరి దారి కాకూడదని కోర్టు గట్టిగానే చెప్పింది.

తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసు మరో రకం. వరకట్న వేధింపుల కేసు పెట్టిన స్త్రీ, బావమరిది వరసలో ఉన్న మనిషి తనని లైంగికంగా వాడుకున్నాడని ఆరోపిస్తూ, దానికి రుజువుగా తన కూతుళ్లకే డీఎన్ఏ పరీక్ష చేయించమని కోరింది. కింది కోర్టు, హైకోర్టు సరేనన్నాయి. 2022 నవంబరులో సుప్రీంకోర్టు కాదంది. పిల్లలు ఫోరెన్సిక్ ల్యాబుకి పంపే వస్తువులు కారంది. నాకీ తీర్పు నచ్చింది. కాని ఒక ఆడమనిషి తనమీద జరిగిన హింసని చెప్పుకోవడానికి తన పిల్లల రక్తాన్ని చూపించాల్సినంత నిస్సహాయత ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న తీర్పుతో పోలేదు. చెబితే నమ్మరని ఆమెకి ముందే తెలుసు.

ఇంతమాత్రాన డీఎన్ఏ స్త్రీలకి శత్రువని నేననడం లేదు. మన దేశంలో డీఎన్ఏతో పితృత్వం తేల్చిన తొలి కేసుగా చెప్పుకునేది 1980ల చివర్లో కేరళ తలస్సేరి కోర్టులో నడిచింది. పెళ్లి కాని తల్లి బిడ్డకి భరణం అడిగింది, మగవాడు నాకేం సంబంధమన్నాడు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త లాల్జీసింగ్ చేసిన పరీక్ష ఆమె చెప్పింది నిజమని తేల్చింది. స్ట్రిండ్‌బర్గ్ నాటకంలో కనిపించకుండా పోయిన పనిపిల్లకి ఇక్కడ న్యాయం దొరికినట్టే కదా. అలాగే ఎన్.డి. తివారీ కేసు. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా 2007 నుంచి 2009 దాకా ఉన్న ఆ పెద్దమనిషి, కొడుకునంటూ కోర్టుకి వెళ్లిన యువకుడికి రక్తం ఇవ్వకుండా ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2012లో రక్తం ఇచ్చారు, హైదరాబాదులోనే పరీక్ష జరిగింది, ఆయనే తండ్రని తేలింది. తల్లి మొదటినుంచీ చెబుతున్నది అదే. ఇక్కడో తేడా చూడండి. ఒక పెద్దాయన చేతినుంచి కొద్దిగా రక్తం తీయడానికి కోర్టులు అంతకాలం తటపటాయించాయి, మనిషి స్వేచ్ఛ గురించీ పరువు గురించీ చర్చించాయి. గర్భవతి చేతినుంచి మాత్రం నెలనెలా రక్తం తీస్తూనే ఉంటాం. దేనికని ఆమె అడగదు, ఎవరూ చెప్పరు. ఆమె శరీరం అప్పటికే తెరిచి ఉన్న తలుపు.

పీజీ విద్యార్థులకి శకుంతలోపాఖ్యానం చెబుతుంటే ఒకమ్మాయి అడిగింది. 'మేడమ్, ఇప్పుడైతే డీఎన్ఏ టెస్టు చేయించి రిపోర్టు మొహాన కొట్టొచ్చు కదా, శకుంతల అంతసేపు మాట్లాడక్కర్లేదు కదా?' క్లాసంతా నవ్వింది. పక్కనున్న పిల్ల వెంటనే 'రిపోర్టు చూపించాక కూడా దుష్యంతుడితోనే కాపురం చెయ్యాలా?' అంది. ఈ రెండో ప్రశ్న గురించే చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. పరీక్ష తండ్రిని రుజువు చేస్తుంది. అడిగినవాడి అవమానాన్ని మాత్రం రద్దు చెయ్యదు.

దీనికి సీత కథ కన్నా పెద్ద సాక్ష్యం లేదు. ఆమెని అడవిలో వదిలినప్పుడు ఆమె గర్భవతి. ఉత్తరకాండ చివర కుశలవులు రాముడి కొడుకులేనని వాల్మీకి సభలో చెబుతాడు. రాముడూ ఒప్పుకుంటాడు. అంటే పితృత్వం తేలిపోయింది. అయినా జనం ముందు సీత తన శుద్ధి నిరూపించుకోవాల్సి వచ్చింది. పిల్లల తండ్రి ఎవరన్న ప్రశ్నా, తల్లి శీలం ఎలాంటిదన్న ప్రశ్నా ఒకటి కావని ఈ ఘట్టం చెబుతుంది. మొదటిదానికి జవాబు దొరికినా రెండోది ఆగదు. డీఎన్ఏ రిపోర్టుతో ఆడవాళ్ల మీద నిందలు పోతాయని ఆశపడేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

ఓల్గా 'విముక్త' కథల్లో ఈ ఎరుక చాలా స్పష్టంగా ఉంది. 'మృణ్మయనాదం'లో అహల్య సీతకి చెప్పేది ఇదే. విచారణ జరగడంలోనే అపనమ్మకం ఉంది, నిర్దోషివని తేలినా దోషివని తేలినా నిన్ను విచారించే హక్కు వాళ్లకుందని ఒప్పుకున్నట్టే. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పాతివ్రత్యం మీద తిరుగుబాటు కథలుగా వాటిని మనం మెచ్చుకున్నాం. నా ఉద్దేశంలో అవి పరీక్ష అనే వ్యవస్థ మీద రాసిన కథలు. ఫలితం ఏమొస్తుందన్నది కాదు, ఎవరు ఎవరిని పరీక్షించవచ్చన్నదే అక్కడ ప్రశ్న. గర్భవతి రక్తం దగ్గరా అదే ప్రశ్న.

అయితే అహల్య మాటని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ అతికించలేం. తనే తెలుసుకోవాలనుకునే స్త్రీ కూడా ఉంటుంది. అత్యాచారం జరిగింది, ఆ వారంలోనే ఇష్టపడిన మనిషితోనూ ఉంది, ఇప్పుడు గర్భం. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమెకి తండ్రి ఎవరన్నదాని మీద ఆధారపడి ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. ఆమెకి సూదిపోటు ప్రమాదం లేకుండా, గడువు దాటకముందే తెలుసుకునే వీలుండటం చిన్న విషయం కాదు. ఆమెని 'పితృస్వామ్య ప్రశ్న అడుగుతున్నావు' అని మనం నిలదీస్తే అదీ ఇంకో విచారణే. ప్రశ్న ఆమెదైనప్పుడు పరీక్ష ఆమె పనిముట్టు. ప్రశ్న భర్తదో, అత్తగారిదో, పెళ్లిపెద్దలదో అయినప్పుడు ఆమె రక్తం వాళ్ల పనిముట్టు. అదే సూది, అదే సీసా. సంతకం కూడా ఆమెదే కావచ్చు, ఇష్టం మాత్రం ఆమెది కాకపోవచ్చు.

మన దేశంలో చట్టం ఇక్కడ ఒక గీత గీసింది. 1994లో చేసి 2003లో సవరించిన గర్భస్థ పిండ నిర్ధారణ పరీక్షల చట్టం, ఏయే కారణాలకి ఇలాంటి పరీక్షలు చెయ్యవచ్చో జాబితా ఇచ్చింది. క్రోమోజోముల లోపాలు, జన్యువ్యాధులు, రక్తహీనతకి సంబంధించిన వంశపారంపర్య జబ్బులు, అవయవ లోపాలు వగైరా. తండ్రి ఎవరన్నది ఆ జాబితాలో లేదు. ఆడపిల్లల్ని కడుపులోనే చంపకుండా తెచ్చిన చట్టం, అనుకోకుండానే ఈ రెండో అనుమానానికీ కొంత అడ్డంగా నిలబడింది. లింగనిర్ధారణని నిషేధించిన దేశంలో వేలమంది ఆడపిల్లలు ఎలా పుట్టకుండా పోయారో తెలిసిన మనం, చట్టం ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేం. స్కానింగ్ గదుల దగ్గర పోరాడిన మహిళా సంఘాలు, రచయిత్రులు రక్తపు సీసాల గురించి కూడా మాట్లాడటం మొదలుపెట్టాలి.

2025 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఇంకో కేసులో, కొడుకు తండ్రి తన భర్త కాదని తల్లి చెప్పినా, పెళ్లిలో పుట్టాడు గనక చట్టం దృష్టిలో భర్తే తండ్రి అంది సుప్రీంకోర్టు. అంతకాలం పరీక్ష కోరిన కొడుక్కి పరీక్ష దక్కలేదు. శకుంతల 'ఇతనే' అంటే నమ్మలేదు, ఈ తల్లి 'ఇతను కాదు' అంటే చెల్లలేదు. రెండు వైపులా ఆమె మాటకే విలువ లేదు. కల్పన గెలిచినా, శాస్త్రం గెలిచినా, ఓడిపోతున్నది ఒక్కటే.

ఆమె మాట చెల్లిన చోటు మన పాత సాహిత్యంలో లేకపోలేదు. ఛాందోగ్యంలో జబాల కొడుకు సత్యకాముడు గోత్రం అడిగితే, యవ్వనంలో పలుచోట్ల తిరుగుతూ సేవ చేసుకుంటూ నిన్ను కన్నాను, గోత్రం నాకు తెలీదు, నా పేరు జబాల, నువ్వు సత్యకామ జాబాలుడివని చెప్పుకో అంటుంది. సిగ్గుపడదు, క్షమాపణ అడగదు. గౌతముడు ఆ మాటనే అంగీకరించి పిల్లాణ్ణి చేర్చుకుంటాడు. కాని ఆయన ఇచ్చిన కారణం చూడండి. బ్రాహ్మణుడు కానివాడు ఇంత నిజం చెప్పలేడట! నిజం చెప్పింది తల్లి అయితే, ఘనత ఎవరో తెలియని తండ్రి కులానికి పోయింది. ఈ కథని తల్లి పేరుకి దక్కిన గౌరవంగా చెప్పుకునేటప్పుడు ఆ చివరి వాక్యాన్ని దాటేయకూడదు. దళిత, బహుజన స్త్రీవాదులు అడుగుతున్న ప్రశ్నలు మొదలయ్యేది అక్కడే. తండ్రి ఎవరన్న ఆరాటం కులం ఏదన్న ఆరాటానికి మరో పేరు. రేపు ఈ పరీక్ష కోసం ఒత్తిడి చేసే కుటుంబాలు నిజంగా అడిగేది జన్యువుల గురించేనా?

అయినా జబాల చేసింది చిన్న పని కాదు. తెలీదు అని చెప్పి, ఆ తెలియకపోవడం మీద కొడుక్కి ఒక పేరు కట్టింది. సుప్రీంకోర్టు ఆ దారిలో ఒక అడుగు 2015లో వేసింది. పెళ్లికాని తల్లి బిడ్డకి సంరక్షకురాలు కావడానికి తండ్రి పేరు చెప్పనక్కర్లేదంది. అంటే ఆమెకి తెలిసినా చెప్పకుండా ఉండే హక్కు. పరీక్షల కాలంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తున్నది ఇదే. తెలుసుకునే హక్కుతో పాటు, చెప్పకుండా ఉండే హక్కు, ఎదుటివాడు అడిగినంత మాత్రాన రక్తం ఇవ్వకుండా ఉండే హక్కు, ఇవ్వనందుకు దోషి కాకుండా ఉండే హక్కు.

విమర్శకులుగా మనం చేయగలిగింది కూడా ఉంది. శకుంతల పద్యాన్ని సత్యమహిమగా కాకుండా, నమ్మని సభలో ఒక సాక్షి ఇచ్చిన వాంగ్మూలంగా చదివించవచ్చు. పనిపిల్ల లేని నాటకంలో ఆమె ఎక్కడుందని అడగవచ్చు. పితృత్వం మీద వస్తున్న కథల్లో, సినిమాల్లో పరీక్ష రిపోర్టు క్లైమాక్స్ అయినప్పుడల్లా, ఆ రిపోర్టుకి ముందు ఆమె ఎన్నిసార్లు అదే మాట చెప్పిందో లెక్కపెట్టవచ్చు. రక్తం అబద్ధం చెప్పదంటారు. నిజమే కావచ్చు. ఆమె కూడా చెప్పలేదు. రక్తాన్ని అడిగే ముందు ఆమెని అడగడం నేర్చుకున్న సమాజంలోనే ఈ పరీక్ష ఆమెకి పనికొస్తుంది.